వాలు మీద కల్లం

ముప్పయ్యారేళ్ళ జీవితంలో నస్రత్ ఎక్కిన కొండ ఒక్కటే, కొండవీడు. అదీ కాలేజీ వాళ్ళు బస్సులో తీసుకెళ్తే. అయినా ఆరేళ్ళుగా ఆమె చేసే పని కొండలతోనే. గుంటూరు లక్ష్మీపురంలో ఓ మేడ మీద మ్యాపుల ఆఫీసు. ఎక్కడో ఉత్తరాది జిల్లాలో కొండచరియలు విరిగిపడే ప్రమాదం ఏ ఊళ్ళకుందో పటం తయారుచేయాలి. ఉపగ్రహం తీసిన బొమ్మలో అడవి ఎంతవరకు, పొలం ఎంతవరకు, ఇళ్ళెక్కడ, మునుపు చరియ జారిన మచ్చలెక్కడ అని మౌసుతో చుట్టూ గీత గీసి పేరు పెట్టడం నస్రత్ వంతు. దానికి వాలు, వాన, మట్టి లెక్కలు జతచేస్తే కంప్యూటరు రంగులేస్తుంది. ఎరుపంటే ప్రమాదం, ఆకుపచ్చంటే ఫరవాలేదు.

గదిలో పదకొండు మంది, అందరి చెవుల్లోనూ ఏదో ఒక పాట. పొద్దున వచ్చి కూర్చుంటే సాయంత్రం దాకా ఆమెకు నోరు విప్పే అవసరం రాదు. క్యారేజీ కూడా తెర మీది ఊళ్ళను చూస్తూనే తింటుంది. ఆ ఊళ్ళ పేర్లు పలకడం రాదు గానీ ఇళ్ళ కప్పులు గుర్తే. ఒక ఊళ్ళో నీలం రేకుల ఇల్లు కొత్తగా లేస్తే, చుట్టాలింటి కబురు అందినట్టు సంతోషపడింది. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. పెళ్ళి రెండేళ్ళకే తెగిపోయాక ఒక్కతే ఉంటోంది.

ఫిబ్రవరిలో పటం షీట్లన్నీ ఆ జిల్లా ఆఫీసుకి పంపేశారు. మార్చిలో ఓ ఆదివారం ఏడాది కారానికి కాయలు తెచ్చుకుందామని పర్చూరు దగ్గర సొంతూరు వెళ్ళింది. ఊరి చివర కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. చిన్నప్పటి పక్కింటావిడ వెంకటరావమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది.

"ఎంత కావాలే?"

"రెండు కిలోలు చాలత్తా."

"రెండు కిలోలా? మనిషివా పిచికవా?"

"ఒక్కదాన్నే కదత్తా."

వెంకటరావమ్మ సంచీ తీసి కాయలు ఎత్తడం మొదలుపెట్టింది. మాట మార్చడానికి నస్రత్ పక్కనున్న కాలవగట్టు చూపించింది. "చోటు చాలకపోతే ఆ గట్టు మీద కూడా పోయొచ్చుగా?"

"చదువుకున్నదానివి, అడిగే మాటేనంటే అది? వాలు మీద పోస్తే దొర్లి కాలవలో పడవూ? కల్లమంటే చదునుండాలి."

నస్రత్ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

కొండల షీట్లలో ఊరి అంచున చెట్టూ చేమా లేని లేతరంగు మచ్చ కనిపించినప్పుడల్లా ఆమె కల్లమని గీసేసింది. ఊరి పక్కన అలాంటి ఖాళీ చోటు ఇంకేమవుతుంది? పైనుంచి తీసిన బొమ్మలో కొండైనా చదునుగానే కనిపిస్తుంది. వాలు లెక్క కంప్యూటర్లో వేరే పొరగా, విడిగా ఉంటుంది. రెండూ కలిపి చూడాలని తోచలేదు. తర్వాత సరిచూసినవాళ్ళూ నరసరావుపేట, బాపట్ల మైదానం వాళ్ళే. వాళ్ళకీ అవి కల్లాల్లాగే కనిపించాయి.

సోమవారం అందరికంటే ముందొచ్చి రెండు పొరలూ కలిపింది. నలభై ఒక్క కల్లాల్లో మూడు మాత్రం నిటారు వాలు మీద ఉన్నాయి. అందులో రెండు ఉత్త రాతిబండలు. మూడో చోట, పదేళ్ళ కిందటి బొమ్మలో దట్టమైన అడవి ఉంది. అంటే ఈ మధ్యే నేల జారింది. దాని కిందే నీలం రేకుల ఇల్లున్న ఊరు. జారిన మచ్చ కల్లంగా లెక్కకెక్కింది కాబట్టి పటంలో ఆ ఊరు పచ్చగా ఉంది.

టీం లీడరు చైతన్యకృష్ణ ఆమెకంటే చిన్నవాడు. విని నుదురు రుద్దుకున్నాడు.

"నస్రత్ గారూ, చెకింగ్ కూడా అయిపోయింది కదండీ. ఇప్పుడు తప్పంటే షీట్లన్నీ మళ్ళీ చూడమంటారు."

"చూద్దామండి."

"వచ్చే ఏడాది ఎలాగూ కొత్త పటం ఉంది. అందులో సర్దేద్దాం."

"వానలు జూన్‌లోనే వస్తాయండి."

"మీ కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతుంది. గుర్తుందా?"

"గుర్తుందండి."

"ఎవరు గీశారని అడుగుతారు."

"నేనేనని రాసిస్తాను."

చైతన్యకృష్ణ "కానివ్వండి" అన్నాడు.

మూడు రోజుల్లో షీటు మార్చింది. ఊరి మీద ఎరుపు పడింది. పంపిన వారానికి జవాబొచ్చింది: సవరించిన షీటు అందింది, పాతది పక్కనపెట్టాం. అంతే. ఊళ్ళోవాళ్ళకు చెప్పారో లేదో అందులో లేదు. "అది మన పని కాదండీ" అన్నాడు చైతన్యకృష్ణ. నెలాఖరున కాంట్రాక్టు పొడిగించారు గానీ, గీసే పని తీసేసి ఊళ్ళ పేర్లు సరిచూసే పనిలో వేశారు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం మెట్ల మీదికెళ్ళి ఆ జిల్లా ఆఫీసుకి ఫోన్ చేసింది. హిందీ అంతంతమాత్రం. ఊళ్ళోవాళ్ళకు చెప్పారా అని అడగాల్సిన మాట కాయితం మీద తెలుగు అక్షరాల్లో రాసుకుని చదివింది. అవతల ఒక పెద్దాయన ఓపిగ్గా విన్నాడు.

"అక్కడ మీవాళ్ళెవరైనా ఉన్నారామ్మా?"

ఆ ప్రశ్న కాయితం మీద లేదు.

"లేరండీ."

"మరి?"

ఆమె కాయితం మీది ప్రశ్నే మళ్ళీ చదివింది. ఆయన చెప్పాడు, పోయిన వారం మనుషులు వెళ్ళి చూశారని, ఊరి పైన నేల బీటలిచ్చి ఉందని, పై వరస ఇళ్ళవాళ్ళను వానల లోపే కిందికి దింపుతున్నారని. ఆమెకు సగమే అర్థమైంది. మళ్ళీ చెప్పమని అడిగింది. ఆయన నెమ్మదిగా, మాట మాట విడదీసి, మొదటినుంచీ చెప్పాడు.