పాయింట్లతో తీసిన నాలుగో బెర్తు

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో ఒక రక్త పరీక్షల ల్యాబులో ఇరవై రెండేళ్లుగా పని చేస్తున్నాను. సీసా మీద పేరూ వయసూ లేకపోతే అది ఎవరి రక్తమైనా పారేస్తాను. నా చేతిలో ఇంతవరకు ఒక్క సీసా తారుమారు కాలేదు. ఇది గొప్పకు చెప్పుకోవడం కాదు. సరే, కొంచెం గొప్పకే.

ఇంకో గొప్ప కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. రైలు పాయింట్ల విషయంలో మా బంధువుల్లో నన్ను మించినవాళ్లు లేరు. నా దగ్గర ఒక కార్డు ఉంది. దాంతో టికెట్లు కొన్నప్పుడల్లా పాయింట్లు పడతాయి, అవి చేరాక వాటితోనే ఏసీ టికెట్లు తీసుకోవచ్చు. చాలామంది వంద పాయింట్లు పడగానే ఎక్కడో ఒకచోట ఖర్చు పెట్టేసి సంబరపడతారు. నేను అలా చేయను. ఓపిగ్గా చేర్చి ఫస్ట్ ఏసీలో తలుపున్న గదులే తీస్తాను. ఇద్దరైతే కూపే, నలుగురైతే క్యాబిన్. మా ల్యాబులో నన్ను పాయింట్ల రంగనాయకి అంటారు. అమ్మ పుట్టినిల్లు కారమడై. అక్కడి రంగనాథుడికి మొక్కుకుంటే పుట్టానని ఈ పేరు పెట్టారు. పాయింట్లు మాత్రం నా సొంత సంపాదన.

మా నాయన పేరు గోపాలసామి. మధురై వైపు తిరుమంగళం దగ్గర నల్లమట్టి చేలో, చెప్పుల్లేకుండా, భుజాన ఎర్రంచు తుండుతో బతుకంతా పత్తి వేశాడు. మా పెద్దలు కొన్ని వందల ఏళ్ల కిందట కృష్ణ దాటి ఇటు వచ్చారని మా ఇళ్లలో చెప్పుకుంటారు. ఏ ఊరి నుంచో, ఎందుకో ఎవరికీ తెలియదు. నాయన చెన్నై దాటి ఎప్పుడూ పోలేదు. తమిళంలో చదువుకున్న నేను ముప్పై ఏళ్ల వయసులో పట్టుదలగా తెలుగు అక్షరాలు నేర్చుకుంటే, ఆయన నా నోటుపుస్తకం ఊరంతా తిప్పి చూపించాడు. ఆయనకు ఒకటే కోరిక ఉండేది. తలుపేసుకునే రైలు రూములో అమ్మతో కూర్చుని కృష్ణను చూడాలి.

మామూలు ఏసీ టికెట్లకు సరిపడా పాయింట్లు నా దగ్గర ఎప్పుడూ ఉండేవి. రూముకే కొంచెం తక్కువ పడేవి. ఇంకొంచెం చేరనీ నాయనా అని నేను మూడేళ్లు చెప్పాను. ఆయన నవ్వేవాడు.

“చేర్చు పాపా, చేర్చు. రైలు యాడికీ పోదు” అనేవాడు.

రైలు ఎక్కడికీ పోలేదు. ఆయనే పోయాడు. ఒక ఉదయం చేలో నీళ్లు కడుతూ గట్టు మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. పదకొండో రోజు అమ్మ నా మొహం చూడకుండా ఒక్క మాట అంది.

“పోయిన యేడే పోయింటే చూసుందురు.”

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. ఆ తర్వాత ఏడాదిపాటు నాతో వంట గురించీ, మోకాళ్ల నొప్పి గురించీ మాట్లాడింది కానీ నాయన గురించి మాట్లాడలేదు. తప్పు నాదే. అది నాకు తెలుసు, ఆమెకు తెలుసు. ఆ మాట పడ్డప్పటి నుంచి నాకు సరిగ్గా అన్నం దిగలేదు.

ఏడాది తద్దినం అయ్యాక అమ్మను కృష్ణకు తీసుకుపోదామని నిశ్చయించుకున్నాను. పోయినవాడి కోసం ఏమీ చేయలేను, ఉన్న మనిషి దగ్గరైనా క్షమాపణ దొరుకుతుందేమోనని ఆశ. అమ్మ, నేను, ఊళ్లో సేద్యం చూసుకునే తమ్ముడు శీను. శీను భార్య గొడ్లను విడిచి రాలేనంది. మొత్తం ముగ్గురం.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ముగ్గురు కలిసి మంచి పనికి బయలుదేరకూడదని మా వైపు పట్టింపు. తప్పకపోతే ఒక రాయిని వెంట తీసుకుపోతారు. ఆ రాయి నాలుగో మనిషి కింద లెక్క. పోవలసిన చోటు చేరాక దాన్ని అక్కడ దించేస్తారు. పెళ్లిచూపులకు పోయే కార్లలో ముందు అద్దం కింద గుండ్రాయి కనిపిస్తే ఎవరూ ఎందుకని అడగరు.

“ముగ్గురం పోగూడదు పాపా. నాలుగు టికెట్టు ఏసేయి” అంది అమ్మ ఫోనులో.

“రాయికి టికెట్ అడగరమ్మా.”

“నీకు ఊరికేదానే వస్తాది? ఏసేయి.”

నేను నవ్వుకున్నాను కానీ, ఆలోచిస్తే అమ్మ మాట నాకూ లాభమే. క్యాబిన్‌లో నాలుగు బెర్తులు. ముగ్గురమే అయితే నాలుగో దానికి ఎవరో కొత్త మనిషి వస్తాడు. అమ్మ పరాయి మగవాడి ముందు కాళ్లు చాపుకోదు, నిద్రపోదు. పాయింట్లా, దండిగా ఉన్నాయి. నాయన కోసం చేర్చినవే కదా. నాలుగో పేరు శీను భార్యది పెడదామనుకున్నాను.

నా ఖాతాలో ఎప్పుడో చేర్చిన ఇంటివాళ్ల పేర్ల జాబితా ఉంటుంది. టిక్కు పెట్టుకుంటూ పోవడమే. పెట్టాను, నొక్కాను. ఫోనుకు టికెట్ వచ్చాక చూస్తే రెండో పేరు గోపాలసామి, డెబ్బై ఒకటి, పురుషుడు.

జాబితాలో అమ్మ పేరు కింద నాయన పేరు అలాగే ఉండిపోయింది. నేను తీసేయలేదు. ఇరవై రెండేళ్లలో ఒక్క సీసాకు తప్పు పేరు అంటించని చేయి, చనిపోయిన మనిషికి టికెట్ తీసింది. వెంటనే రద్దు చేయవచ్చు. చేయలేదు. ఆ నాలుగు పేర్లూ వరసగా ఉంటే నాకు ఏడుపొచ్చింది, ఫోను పక్కన పెట్టేశాను. అది తప్పేనని తెలుసు. ఈ సంగతి శీనుకు చెప్పలేదు, అమ్మకు అసలే చెప్పలేదు. అమ్మకు చదవడం రాదు. టికెట్ నా ఫోనులో తప్ప ఇంకెక్కడా లేదు.

బయలుదేరిన రోజు శీను కారులో మధురై స్టేషనుకు తీసుకువచ్చాడు. దారి పొడుగునా అమ్మ ఒళ్లో చేను గట్టు మీది రాయి, నిమ్మకాయంతది, పసుపు రాసినది ఉంది. ఇది నా కళ్లతో చూశాను. ప్లాట్‌ఫారంలో బెంచీ మీద అమ్మను కూర్చోబెట్టి, నేనూ శీనూ మా పెట్టె ఎక్కడ ఆగుతుందో చూడటానికి ముందుకు పోయాము. తిరిగి వచ్చేసరికి పది నిమిషాలు అయి ఉంటుంది. రైలు వచ్చింది, ఎక్కాము. క్యాబిన్ మాకే వచ్చింది. తలుపు జరిపి వేసి చూపిస్తే అమ్మ దాన్ని రెండుసార్లు వేసి తీసి చూసింది.

ఇంకా వెలుగుండగానే టీసీ వచ్చాడు. తమిళుడు, నడివయసు మనిషి. నా ఆధార్ చూపించాను. నాలుగో మనిషి ఏడీ అంటే రాలేదని చెప్పాలి, ఆ బెర్తు ఇంకెవరికైనా ఇచ్చేస్తాడేమో అని నా భయం. ఆయన అడగలేదు. చేతిలోని మిషన్ మీద నాలుగు సార్లు నొక్కాడు.

“పెరియవర్ వెళియ నిక్కిరార్, పాత్తేన్” అని వెళ్లిపోయాడు. పెద్దాయన బయట నిలబడి ఉన్నారు, చూశాను అని.

ఎవరినో చూసి మా మనిషి అనుకున్నాడని సంతోషించాను. నాకు అబద్ధం చెప్పే పని తప్పింది. మేము తెచ్చుకున్న పులిసోరు, అదే పులిహోర, తిని, త్వరగా పడుకున్నాము. నాలుగో బెర్తు మీద దుప్పటి, దిండు ఉన్న కాగితం సంచీ విప్పకుండా అలాగే ఉంది. తెల్లారాక కూడా అది విప్పలేదు. అది కూడా చెప్పాలి. అక్కడ ఎవరూ పడుకోలేదు.

ఒంగోలు దాటాక, ఎనిమిదిన్నరకు, ఫ్లాస్కులో వేడినీళ్ల కోసం గది బయట నడవాలోకి వచ్చాను. బయట ఎండ కాస్తోంది. ఇది చీకట్లో జరిగిన సంగతి కాదని గట్టిగా చెబుతున్నాను. రాత్రి మారిన కొత్త టీసీ ఎదురొచ్చాడు. తెలుగువాడు, కుర్రవాడు. నేను బి క్యాబిన్ అనగానే నవ్వాడు.

“మీ నాన్నగారా అండీ, తలుపు దగ్గర నుంచున్నది? భలే మనిషండీ. మీదే వైపు? ఆయన తెలుగు వింటుంటే మా అమ్మమ్మ మాటల్లా ఉంది.”

నేను ఫ్లాస్కు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

“ఒక మాట అర్థం కాలేదండీ. ‘ఇంత కరిసల్ పెట్టుకోని పత్తి ఏంటికి వెయ్యకుండా ఉండారు సామీ’ అని అడిగారు. కరిసల్ అంటే ఏంటండీ?”

కరిసల్ అంటే నల్లరేగడి. అది తమిళ మాట. మా వైపు రైతులే అంటారు. ఆంధ్రలో పుట్టిన ఆ కుర్రవాడికి అది ఎవరు చెప్పారు? మా క్యాబిన్‌లో మేము ఆ ఉదయం మట్టి గురించి మాట్లాడలేదు. అమ్మ నాతో ఒక్కసారి బాత్రూముకు లేచింది, అంతే. శీను ఇంకా నిద్ర లేవలేదు.

ఆయన ఎలా ఉన్నాడని అడిగాను.

“మీకు తెలీదా అండీ? పంచె, భుజాన ఎర్రంచు తుండు. చెప్పులు వేసుకోండి పెద్దాయనా, కాళ్లు కాలతాయి అన్నాను. అలవాటే అన్నారు.”

నేను పరిగెత్తాను. రైలు ఎక్కే తలుపు వేసి ఉంది. అక్కడ ఎవరూ లేరు. అవతలి తలుపు చూశాను, రెండు బాత్రూములూ తట్టాను. తర్వాత మర్యాద కూడా మరిచి ప్రతి గదిలోకీ తొంగిచూశాను. ఒక కూపేలో ముసలి దంపతులు, పెద్దాయన ప్యాంటు చొక్కాలో ఉన్నాడు. ఇంకో దాంట్లో పిల్లలతో ఒక కుటుంబం. మిగిలినదాంట్లో లాప్‌టాప్ ముందు ఒక ఆఫీసరు. పక్కలు ఇచ్చే అటెండరును అడిగితే, పంచెకట్టు పెద్దాయన ఎవరూ తన కంట పడలేదన్నాడు. అదీ మీ ముందు పెడుతున్నాను. చూసినవాళ్లు ఇద్దరు, చూడనివాడు ఒకడు.

నేను క్యాబిన్‌లోకి వచ్చి కూర్చున్నాను. అమ్మ కిటికీ పక్కన లేదు. కొంచెం జరిగి మధ్యలో కూర్చుంది.

“కిటికీ దగ్గరికి పోమ్మా, కృష్ణ వస్తుంది” అన్నాను.

“ఈడినుంచే బాగుండాది” అంది.

వంతెన మీద రైలు నెమ్మదించింది. నీళ్లు ఒడ్డు నుంచి ఒడ్డుకు ఉన్నాయి. నది అంత పెద్దదని నేను అనుకోలేదు. శీను ఫోనుతో ఫోటోలు తీశాడు. అమ్మ చేతులు జోడించలేదు. వంతెన అయ్యేదాకా మోకాలి మీద చెయ్యి ఆడించుకుంటూ చూసింది.

విజయవాడలో దిగి, గదిలో సామాను పెట్టి, ఘాటుకు పోయాము. అమ్మ స్నానం చేసి మెట్టు మీద కూర్చున్నాక శీనుకు పట్టింపు గుర్తొచ్చింది. రాయి ఇక్కడ దించాలి కదా అని అమ్మ సంచీ వెతికాడు. లేదు. చీరలు దులిపాడు. లేదు.

“రాయి యాడమ్మా?” అన్నాడు.

“మధురైలోనే బెంచీ కింద పెట్టేస్తిని.”

“ఏంటికి? ముగ్గురం గదా!”

అమ్మ వాడిని వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.

“నాలుగో మనిషి వచ్చినాంక రాయి ఏంటికిరా?”

శీను నా వైపు తిరిగాడు. నేను నీళ్ల వైపు చూస్తున్నాను. అమ్మ తడి చెయ్యి నా వీపు మీద వేసింది. ఏడాది తర్వాత మొదటిసారి.

“నీ పాయింట్లు ఊరికే పోలేదు పాపా. విడు” అంది.

నేను అక్కడే, అంతమంది ముందు, చిన్నపిల్లలా ఏడ్చాను. టికెట్ సంగతి, టీసీ మాటలు అన్నీ శీనుకు ఆ సాయంత్రం చెప్పాను. తాను అమ్మకు ఏమీ చెప్పలేదని వాడు పిల్లల మీద ఒట్టేశాడు. తెలియని సంగతి వాడు మాత్రం ఎలా చెబుతాడు? నేను టిక్కు పొరపాటున పెట్టానంటే మాత్రం వాడు ఒప్పుకోడు. పొరపాటో కాదో నాకే ఇప్పుడు తెలియడం లేదు.

తిరుగు ప్రయాణం మరునాడు. మిగిలిన పాయింట్లు ముగ్గురికే సరిపోయాయి. బయలుదేరే ముందు అమ్మ మళ్లీ ఘాటుకు పోదామంది. మెట్ల కింద వంగి, మోకాళ్ల నొప్పి కూడా చూసుకోకుండా చాలాసేపు వెతికి, నున్నటి రాయి ఒకటి ఏరింది. దాన్ని కడిగి కొంగుకు ముడి వేసుకుంది. ఎందుకని నేను అడగలేదు. ఆమే చెప్పింది.

“పొయ్యేటప్పుడు ముగ్గురమే గదా. మీ నాయన రారు. ఆయనకు ఈడ బాగుండాది.”

ఆ రాయి ఇప్పుడు తిరుమంగళంలో మా చేను గట్టు మీద, నాయన చివరిగా కూర్చున్నచోట ఉంది. నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఆ ఇద్దరు టీసీలు ఎవరిని చూశారో, మధురైలో ఆ పది నిమిషాలు బెంచీ దగ్గరికి ఎవరు వచ్చారో చెప్పమంటే ఫోనులో ఆ టికెట్ తీసి చూపిస్తాను. జాబితాలో నాయన పేరు అలాగే ఉంది, అమ్మ పేరు కింద. తీసేయలేదు.