అడగకుండా తీసిన మీసం

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. ఈ సంగతి ఇన్నేళ్లు కాగితం మీద పెట్టకపోవడానికి కారణం అదే. నలభై దాటాక, మా అమ్మాయి పదో తరగతికి చదువుకుంటుంటే పక్కన కూర్చుని అ ఆలు దిద్దాను. ఒత్తులు పట్టుబడటానికి మరో రెండేళ్లు పట్టింది. (సిగ్గు కూడా ఒక కారణమే. కానీ ఇప్పుడు ఆ సిగ్గును కూడా రాయగలుగుతున్నాను కదా, దాన్ని వదిలేద్దాం.)

అప్పటికి ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేవు. నాకు ఇరవై మూడేళ్లు. నాచారంలో ఫ్యాక్టరీల వెనక వీధిలో, ఒక అద్దె ఇంట్లో, కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేనివాళ్ల కోసం నడిపే కేంద్రంలో ఆయాగా చేరాను. అంతకుముందు బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసేదాన్ని. అక్కడి చురుకే ఇక్కడా చూపించాను. ఎనిమిది మందికి స్నానాలు, టిఫిన్లు, తల దువ్వడాలు తొమ్మిదిన్నరకల్లా ముగించి, బిస్కెట్లను డబ్బాలో పేర్చినట్టు వాళ్లను గోడ వారగా వరుసగా కూర్చోబెట్టి, కేంద్రం నడిపే మేడం వచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. మేడం మాత్రం, "ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతమ్మా, వాళ్లకేం కావాలో ముందు కనుక్కోవాలి" అని ఎనిమిది మందికీ ఎనిమిది కాగితాలు రాసి గోడకు అంటించారు. నేను రోజూ వాటి ముందు నిలబడి తల ఊపేదాన్ని. చదువుతున్నానని ఆమె నమ్మారు. (ఎంతసేపు ఊపాలో తెలియక, పొడుగు కాగితానికి ఎక్కువసేపు, పొట్టి కాగితానికి తక్కువసేపు ఊపేదాన్ని.)

ఆ ఎనిమిది మందిలో ఒకాయనను అందరం మీసాలన్న అనేవాళ్లం. ముప్పై అయిదేళ్లుంటాయి. పుట్టుకతోనే కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి చక్రాల కుర్చీలోనే ఉండేవాడు. మాట రాదు. గొంతులోంచి ఒక పెద్ద అరుపు మాత్రం వచ్చేది. మీసం అయితే నల్లగా, ఒత్తుగా, కొనలు మెలితిరిగి, చూసినవాళ్లు మళ్లీ చూసేట్టుండేది. తల్లి లేదు. రైల్వేలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన తండ్రే రోజూ పొద్దున కొడుకు గడ్డం గీసి, మీసం దిద్ది, చుక్క నూనె రాసి మా దగ్గరికి పంపేవాడు.

ఒకరోజు ఆ పెద్దాయనకు ఊపిరాడక తార్నాక వైపు దవాఖానాలో చేర్చారు. కొడుకును రాత్రీ పగలూ మా కేంద్రంలోనే ఉంచుకున్నాం. "తెలిస్తే బెంగపెట్టుకుంటాడు, ఏమీ చెప్పకండి" అన్నారు మేడం. ఆయనకేం తెలుస్తుందిలే అనుకుని మేమూ, "నాయిన పనిమీద పోయిండు, రేపొస్తడు" అన్నాం. అయిదు రోజులు అదే రేపు.

ఈలోగా గడ్డం మాసిపోయింది. గీయడం నా వంతుకొచ్చింది. ఎన్నడూ గీసినదాన్ని కాదు కనుక, ముందు మా వాచ్‌మన్ తాతను బతిమాలి అతని మీద నేర్చుకున్నాను. "నా గొంతు నీ చేతుల వెడుతున్న, పైలం బిడ్డా! మనుమరాలి పెండ్లి జూసేది ఉన్నది" అని కళ్లు మూసుకున్నాడు. రెండు గాట్లతో బయటపడి, ఆ సాయంత్రమే సెలవు మీద ఊరికి పోయాడు. (నాకు భయపడి కాదు, ముందే అడిగిన సెలవట.)

మర్నాడు మీసాలన్న గడ్డం గీస్తుంటే, మీసంలో నిన్నటి పప్పు ఎండిపోయి కనిపించింది. రోజూ దాన్ని తుడవడం నా పనే. తీసేస్తే ఒక పని తగ్గుతుంది కదా అనిపించింది. తీసేశాను. "సూడన్నా, పదేండ్లు చిన్నగయినవ్!" అని అద్దం చూపించాను. అతను అందులోకి చూసి కుర్చీ అదిరేలా అరిచాడు. నేను అద్దంతో సహా వంటింట్లోకి పరుగెత్తి, "పెద్దమ్మా, అన్న మస్తు ఖుషీ అయిండు!" అని వంట పెద్దమ్మకు చెప్పాను.

ఆ మధ్యాహ్నం నుంచి అతను నోరు తెరవలేదు. ముద్ద దగ్గరికి తీసుకెళితే ముఖం తిప్పేవాడు. రాత్రీ అంతే, మర్నాడు పొద్దునా అంతే. నీళ్లు పోస్తే పెదవి మీంచి జారిపోయేవి. డాక్టరు వచ్చి, జ్వరం లేదు, గొంతు బాగానే ఉంది, సాయంత్రానికి నీళ్లైనా తాగకపోతే సెలైన్ ఎక్కించాలి అన్నాడు. వంట పెద్దమ్మ మిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేస్తే ఇల్లంతా దగ్గింది. మేడం గోడ మీది కాగితం మళ్లీ చదివి, "ఇందులో ఉన్నట్టే చేస్తున్నాం కదా" అన్నారు. (గడ్డం మాసితే గీయాలి అని ఉందట అందులో. మీసం ఊసే లేదట. చదువు వచ్చిన కాగితానికీ, చదువు రాని నాకూ అతని గురించి తెలిసింది ఒకటే.)

మధ్యాహ్నం వాచ్‌మన్ తాత ఊరి నుంచి వచ్చాడు. మీసాలన్నను చూసి గుమ్మంలోనే ఆగిపోయి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎప్పుడు వోయిండు బిడ్డా, పెద్దాయన?"

"యాడికి తాతా?"

"యాడికేంది! అన్న నాయిన పోయిండు గదా? మీసం దీసిన్రు."

"ఆయన దవాఖానల మంచిగనే ఉన్నడు. పప్పు అంటుకుంటున్నదని నేనే తీసిన."

తాత తువ్వాలు మళ్లీ తలకు చుట్టుకున్నాడు. "తండ్రి బతికుండంగ కొడుకు మీసం దీస్తర ఎవరన్న? గీ పోరికి గంత గూడ తెల్వదాయె!"

తెలియక కాదు. మా తాత పోయినప్పుడు మా నాన్న, చిన్నాన్న మీసాలు తీయించుకుని కూర్చోవడం చూసినదాన్నే. అయితే అది కొడుకులు చేసేది, మగవాళ్ల సంగతి. మీసాలన్నను నేను ఆ వరుసలో ఎన్నడూ అనుకోలేదు. నాకు అతనంటే స్నానం, టిఫిన్, తుడవాల్సిన పప్పు. అయిదు రోజులు తండ్రి రాలేదు. ఏమైందని అడిగే నోరు లేదు. ఆరో రోజు ఒకతె వచ్చి నవ్వుతూ మీసం తీసేసింది. ఇంకేమనుకుంటాడు?

కుర్చీ ముందు నేల మీద కూలబడ్డాను. "అన్నా, నాయిన పోయిండనుకుంటున్నవా?"

అతను కళ్లు పైకెత్తి అలాగే ఉంచాడు. నీళ్లు చెంపల మీదికి కారాయి.

"ఒట్టు, పోలే అన్నా. దవాఖానల ఉన్నడు."

ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అయిదు రోజులు రేపు, రేపు అన్న నోరు నాది. ఎట్లా నమ్ముతాడు? ఫోన్‌లో మాట్లాడిద్దామంటే పెద్దాయనకు ఆక్సిజన్ మాస్కు. మేడం నుదురు రుద్దుకుని, "చెప్పొద్దన్నది నేనేగా. పదండి, చూపిద్దాం" అన్నారు.

వ్యాన్ రిపేరులో ఉంది. ఆటో మాట్లాడి, కుర్చీని మడిచి వెనకాల బట్టలారేసే తాడుతో కట్టి, అతన్ని మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని వెళ్లాం. దారంతా అతను కళ్లు మూసుకునే ఉన్నాడు. వార్డులో పెద్దాయన దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. కొడుకును చూసి చెయ్యెత్తాడు. తర్వాత ఆ బోసి పెదవి చూశాడు. మాస్కు కిందికి లాగి, "ఏందిరా గిది? నేనింక పోలే గదరా!" అన్నాడు.

పక్క మంచాలవాళ్లు పగలబడి నవ్వారు. మాస్కు పెట్టుకోమని నర్సు కేక వేసింది. మీసాలన్న గొంతులోంచి ఆ పెద్ద అరుపు వచ్చింది. అది ఏడుపో నవ్వో చెప్పడానికి ఈసారి నేను ఎక్కడికీ పరుగెత్తలేదు.

తండ్రి తన గ్లాసులోని జావ చెంచాతో పట్టాడు. కొడుకు తాగాడు.

"నువ్వేనా బిడ్డా తీసింది?" అన్నాడు పెద్దాయన.

"తప్పయింది బాపూ. అడుగుదమంటే అన్నకు మాట రాదు గదా."

"మాట రాదు. అవునంటె కండ్లు మీదికి లేపుతడు, కాదంటె పక్కకు తిప్పుతడు. జర సేపు వడ్తది. అడిగి ఆగినవా నువ్వు?"

ఆగలేదు. బిస్కెట్ల ప్యాకింగులో ఆగడం ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పేది నేనే. వాళ్ల చురుకు చూసినప్పుడల్లా, అద్దం పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల గుర్తొస్తుంది. దాని మీద కోపం రాదు. నవ్వే వస్తుంది.

దవాఖానా నుంచి తిరిగొచ్చిన మర్నాడు పొద్దున స్టూలు వేసుకుని మీసాలన్న ఎదురుగా కూర్చున్నాను. "అన్నా, ఇయ్యాల గడ్డం గీయాల్నా?" అని అడిగి, నోరు మూసుకున్నాను. వంటింట్లో కుక్కర్ కూత వేసింది. మళ్లీ వేసింది. ఇంకా ఏడు స్నానాలున్నాయి. చేతులు ఒళ్లో పెట్టుకుని నొక్కిపట్టాను. చాలాసేపటికి అతని కళ్లు మెల్లగా పక్కకు తిరిగాయి. అలవాటు కొద్దీ నురగ ముందే కలిపేశాను. దాన్ని పారబోసి, గిన్నె కడిగి బోర్లించాను.