కామారెడ్డి దాకా ఆగని వేడి

1984 మే నెల. ఎల్లారెడ్డిలోని ఒక చిన్న ఆసుపత్రిలో నేను నర్సుగా పనిచేస్తున్నాను. వడదెబ్బ కేసులు మాకు కొత్త కాదు. చాలామంది తలనొప్పి, వాంతులతో వచ్చి, సెలైన్ ఎక్కించాక లేచి నడిచి వెళ్లేవారు. ఫరీదా అలా రాలేదు.

మధ్యాహ్నం ఆమెను జీపులో తెచ్చారు. రేకుల షెడ్డులో భట్టీ ముందు కూర్చుని పేలాలు వేయిస్తూ పడిపోయిందట. ఒళ్లు వణుకుతోందని అత్త జులేఖమ్మ దుప్పటి చుట్టి తెచ్చింది. దుప్పటి తీసి చేయి వేస్తే పెనం మీద పెట్టినట్టుంది. ఒంటి మీద చెమట చుక్క లేదు. పిలిస్తే పలకడం లేదు. థర్మామీటర్‌లో పాదరసం పై అంచును తాకింది.

"కామారెడ్డికి తీస్కపోతం, చీటీ రాసియ్యుండ్రి" అన్నాడు భర్త మహబూబ్.

"ఈ ఎండల జీపుల పోతే తొవ్వలనే పానం పోతది. ముందు వేడి దించాలె" అన్నారు మా డాక్టరు.

దీన్ని హీట్ స్ట్రోక్ అంటారు. శరీరం చెమటతో తనను తాను చల్లబరచుకుంటుంది. ఆ శక్తి చేజారితే లోపలి వేడి మెదడునీ మూత్రపిండాలనీ దెబ్బతీస్తుంది. మామూలు జ్వరం మాత్రలు దీనికి పనిచేయవు.

మహబూబ్ చెంబుతో ఆమె నోట్లో నీళ్లు పోయబోయాడు. చేయి పట్టుకుని ఆపాను. "సోయి లేదు అన్నా. గిప్పుడు నీళ్లు పోస్తే ఊపిరితిత్తులల్లకు పోతయి. ఉరికి పోయి ఐసు తేపో!"

బట్టలు వదులు చేసి తడపబోతే జులేఖమ్మ అడ్డం నిలబడింది. "గిందరు మొగోళ్ల ముందట నా కోడల్ని తడుపుతవా?"

ఆమె బాధ నాకు అర్థమైంది. మగవాళ్లందరినీ బయటికి పంపి, మంచం చుట్టూ చీరలు కట్టించాను. "గిప్పుడు నువ్వే తడుపమ్మా" అని బకెట్ ఆమె చేతికిచ్చాను.

అంతలో కరెంటు పోయింది. తడి ఒంటికి గాలి తగిలితేనే వేడి దిగుతుంది. నేను ఒకవైపు, ఆయా మరోవైపు నిలబడి విసనకర్రలతో విసిరాం. మహబూబ్ తెచ్చిన ఐసును గుడ్డలో చుట్టి మెడకూ చంకలకూ పెట్టాం. డాక్టరు సెలైన్ ఎక్కించారు. చేతులు పడిపోతున్నా ఎవరమూ ఆగలేదు. మళ్లీ చూస్తే పాదరసం దిగింది. ఇంకాసేపటికి మరింత దిగింది. ఫరీదా కనురెప్పలు కదిలాయి.

"అమ్మీ, నన్నెందుకు తడిపిన్రు?" అంది నీరసంగా, చిరాగ్గా.

జులేఖమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఆ మాట వినగానే చీరల అవతల మహబూబ్ గట్టిగా "యా అల్లా!" అన్నాడు. డాక్టరు చెమట తుడుచుకుంటూ నా వైపు చూసి తల ఊపారు. ఆ రోజు నేను పొందినంత గర్వం మళ్లీ ఏ మెచ్చుకోలుతోనూ రాలేదు.

ఎండ దిగాక పరీక్షల కోసం ఆమెను కామారెడ్డికి పంపాం. మూత్రపిండాలు బాగున్నాయని తెలిసింది. వారం తిరిగేసరికి తన కాళ్లతో తానే నడిచి వచ్చి మా అందరినీ పలకరించింది.

మరుసటి వేసవిలో ఒక రైతును బండిలో తెచ్చారు. నిలువెల్లా తడిసి ఉన్నాడు, తెలివిలోనే ఉన్నాడు. ఎవరు తడిపారని వెంట వచ్చినవాళ్లను అడిగాను.

"బస్టాండు కాడ జులేఖమ్మ అంట. మమ్ముల మాట్లాడనియ్యలే. ముందు నీళ్లు గుమ్మరించి, ఆనక దవాఖానకు పొమ్మన్నది!"

రోగి పక్కన నిలబడ్డవాళ్లను పక్కకు నెట్టకుండా పనిలో కలుపుకోవాలని నాకు నేర్పిన కేసు ఫరీదాది. ఆ మధ్యాహ్నం మేం ఒక్క ఫరీదానే బతికించామని అనుకున్నాను. ఊరికి మరో నర్సును కూడా తయారు చేశామని ఆ రైతును చూశాకే తెలిసింది.