కోచ్ గారి జెర్సీలకి గంజి

కోచ్ గారు నాతో అన్న ఆఖరి మాట, "సరోజా, గంజి మాత్రం వద్దు." నేనన్న ఆఖరి మాట, "పెట్టను సార్." ఆయన రిటైరయ్యాక, కాలేజీవాళ్ల సన్మానానికి వేసుకునే తెల్లచొక్కా ఇస్త్రీకి తెచ్చినప్పటి మాటలవి. నేను చెబుతుంటే మా మనవరాలు షీలా రాస్తోంది.

డెబ్బై తొమ్మిదిలో, అమెరికాలో నేపర్‌విల్ దగ్గర ఒక చిన్న కాలేజీలో ఫుట్‌బాల్ టీము బట్టలుతికే పనిలో చేరాను. మా ఆయన, ఇప్పుడు లేడు, అక్కడే బాయిలర్ రూములో చేసేవాడు. వీళ్ల ఫుట్‌బాలంటే బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తడం, అవతలివాళ్లు పట్టుకుని పడెయ్యడం. నా పైన సామాన్ల మేనేజరు, ఆయన పైన కోచ్. కోచ్ హెల్మెట్ బదులు తోలుటోపీ పెట్టుకుని ఆడిన కాలం మనిషి, ముప్పై ఏళ్లుగా అదే కాలేజీ. బురద ఎండాక దులపాలి. నెత్తురు చన్నీళ్లలోనే వదలాలి. ఒక్కొక్కడి మేజోళ్లు వాడి నంబరున్న వలసంచిలోనే ఉతకాలి. నాకు చదవడం రాదు. అంకెలొచ్చు, చాలు.

ఎనభై ఒకటిలో కోచ్ ఆఖరి ఆట. ఫొటోలు తీస్తారన్నారు. మా గుంటూరులో పాస్టరు గారి చొక్కాలకి పెట్టినట్టే, ఆ నూలు జెర్సీలన్నిటికీ చిక్కగా అన్నం గంజి పెట్టి ఇస్త్రీ చేశాను. ఎవర్నీ అడగలేదు. "సరోజా, ఇవి చొక్కాలా తలుపులా?" అని నవ్వుకుంటూనే తొడుక్కున్నారు కుర్రాళ్లు.

ఆట మధ్యలో వాన. గంజి నాని, పట్టుకున్నవాడి చెయ్యల్లా జారిపోతోంది. మావాళ్లు పరుగే పరుగు. కోచ్ ఒకడి భుజం మీద చెయ్యేసి, ఆ చెయ్యి వాసన చూసుకుని, తువ్వాళ్లతో నిలబడ్డ నా దగ్గరికొచ్చారు.

"ఏంటిది?"

"అన్నం గంజి సార్. నేనే పెట్టాను."

మేనేజరు పక్కనుంచి కోచ్‌తో, "ఊరుకోండి సార్, గెలుస్తున్నాం కదా," అన్నాడు.

జెర్సీకి జారేదేదీ పుయ్యకూడదని రూలట. కోచ్ ఆట ఆపించి, రిఫరీకి తనే చెప్పేశారు. నా ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను. మావాళ్లు చిరుగుల ప్రాక్టీసు జెర్సీలు తొడుక్కుని ఆడారు. ఓడిపోయాం.

లోపలికెళ్లాక మేనేజరు నన్ను తీసెయ్యమన్నాడు. కోచ్ ఒప్పుకోలేదు. "అడగ్గానే చెప్పింది. నువ్వు దాచమన్నావు. ఎవర్ని తీసెయ్యమంటావు?" అన్నారు. ఆ తర్వాత, తన టీమును ఎవరూ పట్టుకోలేకపోవడం ముప్పై ఏళ్లలో ఈ పూటే చూశానని కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నేను ఎనభై తొమ్మిది దాకా అక్కడే చేశాను.

నేర్చుకున్నది ఇదే. ఇంకొకరి బట్ట మీద కొత్త పని చేసేముందు అడగాలి. అడక్కుండా చేస్తే, వాళ్లడిగినప్పుడు చెప్పాలి.

షీలా, నాయనమ్మ పరువు పోతుందని గంజి సంగతి ఏమన్నా తగ్గించి రాశావేమో. ఏదీ, మొదట్నుంచి చదివి వినిపించు.