ఎర్ర దారం ముడి

మిలిట్రీ మామ పోయాడని సోమవారం పొద్దున అత్త ఫోన్ చేసి చెప్పింది. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రం నేను కొట్టు మూసి తాళం వేస్తుంటే, సైకిల్ దిగి వచ్చి ఆ తాళాన్ని తానూ ఒకసారి లాగి చూసి మరీ పోయిన మనిషి. చేతిలో కత్తెర అక్కడే పడేసి పరుగెత్తాను. వసారాలో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. నేను మాత్రం వంగి ఆయన ముక్కు దగ్గర రెండు వేళ్లు పెట్టి చూశాను. "ఏందమ్మే ఆ పని" అని ఎవరో కసురుకున్నారు. ఇంకొకరు చెప్తే నమ్మొద్దు, నువ్వే చూసుకో అని నాకు నేర్పింది ఆ పడుకున్న మనిషే. చూసుకున్నాను. ఊపిరి లేదు. అప్పుడొచ్చింది ఏడుపు.

ఆయన నాకు చుట్టం కాదు, ఊరి వరసకి ఆయన్ని మామ అని, ఆయన భార్యని అత్త అని పిలుస్తాను. మాది వాకాడు దగ్గర సముద్రం ఒడ్డున ఊరు. ఆయన ఇల్లు, నా టైలరింగ్ కొట్టు ఒకే వీధిలో, చెరో చివర. పట్టాళంలో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరై వచ్చాడు. ఇంటి వెనక ఒకప్పుడు రొయ్యల మేత నిలవ చేసిన పొడుగాటి షెడ్డు ఉండేది. దాన్ని శుభ్రం చేసి, ఒక చివర ఇసుక బస్తాలు పేర్చి, వాటి ముందు అట్టలు తగిలించి, గాలి తుపాకులు కాల్చడం నేర్పేవాడు. ఒకరోజు మోచేతి దగ్గర చిరిగిన షూటింగ్ కోటు తెచ్చి అతుకు వేయమన్నాడు. కుట్టి ఇవ్వడానికి పోతే, "ఒకసారి కాల్చి చూస్తావా పాపా" అన్నాడు. నాకప్పటికి ముప్పై రెండేళ్లు, ఇద్దరు బిడ్డల తల్లిని. అయినా చివరిదాకా ఆయనకి పాపనే. కాల్చాను. నల్ల చుక్క అంచున తగిలింది. ఆయన మెచ్చుకోలేదు. అట్ట దగ్గరికి నడిచిపోయి, కళ్లజోడు పైకెత్తి, అది పాత బొక్కేమోనని వేలితో తడిమి చూసి వచ్చాడు. తర్వాత, "రేపు రా" అన్నాడు.

అంత అనుమానం మనిషి. తుపాకీ ఖాళీగా ఉందని ఎవరన్నా అంటే ఆయన ముఖం మాడిపోయేది. తీసుకుని, విప్పి, లోపలికి చూసి, చిటికెన వేలు పెట్టి గాని పక్కన పెట్టేవాడు కాదు. "ఖాళీ అని చెప్పినోడు ఎవురైనా సరే నమ్మబాక పాపా. నేను చెప్పినా నమ్మబాక" అనేవాడు. ఇంట్లోనూ అంతే. అత్త గ్యాస్ కట్టేసిన తర్వాత మళ్లీ పోయి కట్టేసేవాడు. "పెళ్లి పీటల మీద గూడా తెర పక్కకి జరిపి నన్ను చూసినాడమ్మే, ఇంకెవుర్నన్నా కూర్చోబెట్టినారేమోనని" అని అత్త నవ్వేది. నాకూ ఆ గుణం కొంత ఉంది. జాకెట్ కొలతలు నోటితో చెప్పే మనిషిని నేను నమ్మను, టేపు పెట్టాల్సిందే. అందుకే మా ఇద్దరికీ కుదిరిందేమో.

రెండేళ్ల కిందట నెల్లూరులో ఒక క్లబ్బు మూడు తుపాకుల పోటీ పెట్టింది. ఒకే రోజు గాలి రైఫిలు, గాలి పిస్టలు, షాట్‌గన్, ఒకటి ముగించి ఇంకోదాని దగ్గరికి పరుగెత్తి కాల్చాలి. షాట్‌గన్, తూటాలు వాళ్లే ఇస్తారు, మిగతా సరంజామా మనది. నేను అంతకుముందు ఏ పోటీకీ పోలేదు. నెల రోజులు కొట్టులో పండగ బట్టలు కూడా వెనక్కి నెట్టి నా బెల్టు కుట్టుకున్నాను. పాత కారు సీటు బెల్టు పట్టీ, పడవ మీద కప్పే టార్పాలిన్ ముక్కలు, డబుల్ కుట్టు. ఎడమ పక్క తూటాల సంచి, కుడి పక్క పెల్లెట్ల, అంటే గాలి తుపాకీ సీసపు గుండ్ల డబ్బాకి చిన్న జేబు. మామ సరుగుడు కొమ్మ కోసి, తూటా అంత లావున ముక్కలు చేసి ఆ సంచిలో పోశాడు. సముద్రం ఒడ్డు ఇసుకలో నన్ను పరుగెత్తించి, చూడకుండా ఒక్కో ముక్క తీసి ఇమ్మనేవాడు. చేపల వలలు బాగుచేసుకునే వాళ్లు పని ఆపి చూసేవాళ్లు. మొదటి రోజు సగం ముక్కలు దారిలోనే రాలిపోయాయి. "మూత నీ కొట్టులో బాగుంటాది, పరిగెత్తితే నిలబడదు" అన్నాడు. నాలుగుసార్లు విప్పి కుట్టాను.

పోటీకి ముందురోజు నాయుడుపేట నుంచి ఆయన తమ్ముడి కూతురు దిగింది. ఆమె కూడా పోటీలో ఉంది. మామ నా కోసమని పక్కన పెట్టిన రైఫిల్ ఎత్తి చూసి, "ఇది బాగుంది పెదనాన్నా" అన్నది. నేను దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాను.

ఆ సాయంత్రం నా సామాను మొత్తం నేనే సర్దాను. మా ఊళ్లో ఉప్పుగాలికి సూది కూడా రెండు రోజుల్లో తుప్పు పడుతుంది. ఇనుము కనపడితే నూనె రాయడం మాకు చేతికి అలవాటు. మిషన్‌కి వేసే నూనె తీసుకుని, నా రైఫిల్ గొట్టం లోపలా బయటా కుదురుగా వేశాను. తుపాకీ సంచిలో పెట్టి, జిప్పుకి ఎర్ర దారం చుట్టి నా ముడి వేశాను. కాజా కుట్టేటప్పుడు వేసే ముడి అది, ఇంకెవరికీ రాదు. తుపాకులు షెడ్డులోనే ఉండాలని నియమం గనక సంచి అక్కడే వదిలి వచ్చాను.

తెల్లవారి చూస్తే దారం ఉంది, ముడి నాది కాదు.

బాడుగ కారులో ముగ్గురం పోతున్నాం. "మామా, నా సంచి ఎవురు తెరిచినారు" అని అడిగాను.

"నేనే."

"ఎందుకు?"

ఆయన ముందు సీట్లో ఉన్న తమ్ముడి కూతురి వైపు ఒకసారి చూశాడు. "చూసినాలే" అన్నాడు. ఆ చూపు నాకు ముల్లులా గుచ్చుకుంది. నెల్లూరులో దిగి సంచి విప్పితే నేను వేసిన నూనె చుక్క లేదు, గొట్టం పొడిగా ఉంది. తుప్పు పట్టిస్తున్నాడు, రైఫిల్ ఏదో చేశాడు, సొంత రక్తం గెలవాలనే ఇదంతా అని తీర్మానించుకున్నాను. ఒక మూలకి పోయి, చేతి సంచిలోని సీసా తీసి మళ్లీ నూనె పోశాను. ఈసారి కొంచెం ఎక్కువే.

మొదటి గుండుకే ఠప్పుమని మోగింది. గొట్టం చివర సన్నటి పొగ, మాడిన నూనె వాసన. గుండ్లు అట్టకి తగలకుండా పైనుంచి పోయాయి. పిస్టల్ పర్వాలేదు. షాట్‌గన్ దగ్గర నా బెల్టు సంచి ఒక్క తూటా జారవిడవలేదు, నిలబెట్టిన ఇనుప పలకలన్నీ పడ్డాయి. ఏం లాభం, రైఫిల్ నన్ను కిందకి లాగేసింది. తమ్ముడి కూతురికి మూడో స్థానం వచ్చింది. నేను అందరి ముందూ ఆయన్ని అడిగాను. "నీ తమ్ముడి కూతురు గెలవాలనే గదా మామా, నా తుపాకీ చెడగొట్టినావు?"

ఆయన నా రైఫిల్ గొట్టం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నా వైపు చూశాడు. "అనుమానపడడం మంచిదే పాపా" అని, గుడ్డలో చుట్టి కారులో పెట్టాడు.

మూడు నెలలు నేను ఆ షెడ్డు గడప తొక్కలేదు. ఒకరోజు ఆయనే కొట్టుకి వచ్చాడు, చంకలో కొత్త తెల్ల నూలు గుడ్డ. బొటనవేలి గోరంత చదరాలుగా కత్తిరించి పెట్టమన్నాడు. కొలత చెప్పాడు, నేను టేపు పెట్టాను. ఎందుకని అడిగితే గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ చెప్పాడు.

"గొట్టంలో తోసి తుడిచేదానికి. లోపల నూనె ఉంటే గాలి ఒత్తిడికి అది మండి గుండ్లు దారి తప్పతాయి. పోటీకి పోయే ముందు పొడిగా తుడవాల."

నా కత్తెర ఆగిపోయింది. "ఆ రోజే చెప్పుంటే ఏం పోయేది మామా" అన్నాను.

"మొదటిసారి పోటీకి పొయ్యే మనిషికి, అందులో ఇంకో మనిషి ముందర, నువ్వు తప్పు చేసినావని చెప్తే చెయ్యి వణుకుతాది. తుడిచి పెడితే సరిపోతాదనుకున్నా. మళ్లీ పోస్తావని నాకేం తెలుసు."

నేను తల వంచుకుని మళ్లీ కత్తిరించడం మొదలుపెట్టాను. తప్పయిపోయింది మామా అనే మాట మాత్రం అనలేదు. నేను మళ్లీ షెడ్డుకి పోయాను. నెలనెలా అడక్కుండానే చదరాలు కత్తిరించి డబ్బాలో వేసి ఇచ్చేదాన్ని. ఆయన మూత తీసి, ఒకటి వెలుతురుకి పెట్టి చూసి, తీసుకునేవాడు. ఆ మాట మాత్రం రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ దాదాపు రెండేళ్లు గడిపాను. ఇప్పుడు ఎవరికి చెప్పాలో తెలియక మీకు చెప్తున్నాను.

దినాలు అయిన తర్వాత అత్త షెడ్డు తాళం నా చేతిలో పెట్టింది. "అన్నీ ఖాళీగానే ఉండాయని మీ మామ తమ్ముడు అంటాండాడు. నువ్వొకసారి చూడమ్మే" అన్నది. ఒక్కొక్కటీ విప్పి, చిటికెన వేలు పెట్టి చూశాను. చివరికి నా రైఫిల్ సంచి మిగిలింది. ఆయన పోయే ముందు శనివారం నేను కాల్చి వెళ్లేటప్పుడు జిప్పుకి ఎర్ర దారం కట్టి నా ముడి వేశాను. ఇప్పుడున్నది నా ముడి కాదు. ఆయన లావుపాటి వేళ్లతో వేసిన పట్టాళం ముడి. ఆదివారం ఎప్పుడో తెరిచి, తుడిచి, మూసి ఉంటాడు.

నీ దగ్గరే పెట్టుకోమని అత్త ఇచ్చేసిన ఆ సంచి ఇప్పుడు కొట్టులో నా మిషన్ పక్కన మేకుకి వేలాడుతోంది. వచ్చే నెల మళ్లీ పోటీ ఉంది. ఆ ముడి విప్పాల్సిందే. మామ తుడిచి పెట్టినా సరే, నా చేత్తో చూసుకోవాల్సిందే, ఆయన చెప్పిందే అది. రోజూ పొద్దున కొట్టు తెరవగానే దాని దగ్గరికి పోయి నిలబడుతున్నాను. దారం మీద ఉప్పుగాలికి సన్నటి తెల్ల పొర పడింది. ఇంకా విప్పలేదు.