రెండంచులా అరిగిన టైర్లు

నాన్న తిరువూరులో కారు కిరాయికి తిప్పుతాడు. ముప్పై ఏళ్లలో ఆయన బండిని సరిగ్గా చూసుకోడని ఎవరూ అనలేదు. మొదట అన్నది నేనే.

ముందు టైర్లు రెండూ మార్చాల్సి వచ్చింది. మెకానికల్ చదివినవాణ్ణి కాబట్టి కొత్తవి కొనేముందు పాతవాటిని స్కేలుతో కొలిచాను. ఒక్కో టైరుకు మూడు చోట్ల: లోపలి అంచు, నడుమ, బయటి అంచు. అంచులు రెండూ దాదాపు నున్నగా అయిపోయాయి. నడుమ గాడి ఇంకా బాగానే ఉంది. మేం చదివిన ప్రకారం అది తక్కువ గాలితో తిరిగిన టైరు. చక్రాలు నేరుగా లేకపోతే ఒక అంచే అరగాలి. కాబట్టి అలైన్‌మెంటు అవసరం లేదని కాగితం మీద రాసి, కింద గీత కూడా గీశాను.

"గాలి చూసుకోవట్లేదు నాన్నా నువ్వు," అన్నాను.

నాన్న ప్రతి సోమవారం పొద్దున్నే, తొలి కిరాయికి ముందే బంకులో గాలి పట్టిస్తాడు. ఆ సంగతి నాతో అనలేదు. "అలాగా," అని తాళం తీసుకున్నాడు. ఇద్దరం టైర్ల కొట్టుకు బయల్దేరాం.

కొట్టు యజమాని నాన్నకు పాత స్నేహితుడు. ఆయన నా కాగితం చదివి పక్కన పెట్టి, అరచేత్తో టైరుని అడ్డంగా అటూ ఇటూ నిమిరాడు. నన్నూ నిమరమన్నాడు. అటు పోయేటప్పుడు చెయ్యి నున్నగా జారింది. ఇటు వచ్చేటప్పుడు రంపం పళ్లలా గీరుకుంది.

"గాలి తక్కువైతే ఇలా రాదు బాబూ. చక్రాలు నేరుగా లేకపోతేనే ఇలా గీరుకుంటుంది. ఏమయ్యా, వీటిని తిరగేయించావా?"

"ఆ, గంపలగూడెంలో. లోపలంచు అరిగిపోతుంటే విప్పించి, రిమ్ముకి అటుది ఇటు వేయించా. అందరూ చేసేదేగా," అన్నాడు నాన్న.

"మరి మీవాడికి చెప్పలేదే?"

"అడిగితేగా చెప్పేది. ఇంజనీరు గారు వచ్చీ రాగానే తీర్పు చెప్పేశారు."

అప్పుడు లెక్క కుదిరింది. అరిగిన లోపలంచు బయటికి వెళ్లింది. దాని స్థానంలోకి వచ్చిన మంచి అంచూ అలాగే అరిగింది. నా మాట విని కొత్త టైర్లు మాత్రం వేయించుకుని వెళ్లి ఉంటే, వాటికీ అదే గతి.

కొత్తవి వేశాక బండిని అలైన్‌మెంటు మిషను మీదికి ఎక్కించారు. ముందు చక్రాలు రెండూ కాస్త బయటికి తిరిగి ఉన్నాయని తెర మీద కనబడింది. వాటిని సరిచేసేదాకా నాన్న అక్కడే నిలబడ్డాడు. తర్వాత స్నేహితుణ్ణి అడిగాడు: "పాతవాటిలో గాలెంతుందో చూశావా?"

"విప్పేముందే చూశా. ఉండాల్సినంతే ఉంది."

"అదొక్కటీ మావాడికి వినబడేలా చెప్పు."

ఆయన చెప్పాడు. నేను విన్నాను.

కారెక్కాక, తప్పు నాదే నాన్నా అన్నాను. నాన్న స్టీరింగు తిన్నగా ఉందో లేదో చూసుకుంటున్నాడు. "బెల్టు పెట్టుకో," అని బండి కదిలించాడు.