పార్వతీదేవి తీసిన చేతుల ఫోటోలు

చీపురుపల్లి బజారులో బంగారురాజు బట్టల కొట్టు తెలియనివాళ్లు తక్కువ. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లకి చీరలు విప్పి చూపించీ చూపించీ తల నెరిసిన మనిషి ఆయన. షుగరు ముదిరి చూపు పోయాక కొట్టు కొడుకు గోవింద్ చేతికి వచ్చింది. ఆయన ఇంటి అరుగు మీద కుర్చీకి అతుక్కుపోయాడు.

భార్య పార్వతీదేవికి ఫోటోల పిచ్చి పట్టింది ఆ తర్వాతే. కోడలు హేమ కొనిచ్చిన ఫోనుతో డాబా మీద ఆరబోసిన మిరపకాయల్నీ, స్టేషనులో ఆగిన గూడ్సుబండినీ, ఏది కనిపిస్తే దాన్ని తీసేది. తీసింది ఆయనకి చూపించలేకపోవడం ఒక్కటే ఆమెకి వెలితి.

విజయనగరం పక్క మామిడితోటలో శిల్పాల ప్రదర్శన పెట్టారని హేమ చెప్పింది. పార్వతీదేవి మనసు అటు లాగింది. మొగుణ్ణి వదిలి వెళ్లడం మాత్రం ఇష్టం లేకపోయింది.

"కళ్లు లేనోడికి బొమ్మలేటే పార్వతీ" అని ఆయన విసుక్కున్నాడు. ఆమె వినిపించుకోకుండా ఆదివారం పొద్దున్నే రైలెక్కించింది.

తోటలో చెట్టుకొక బొమ్మ. ఆమె ఒక్కోదాన్నీ ఫోటో తీసి, అదెలా ఉందో చెబుతూ నడిచింది. ఆయన ఊఁ కొడుతున్నాడే గాని ధ్యాసంతా ఇంటికెప్పుడు వెళదామా అనే. చేపల గంప దించుకుంటున్న ఆడమనిషి నల్లరాతి బొమ్మ దగ్గర ఆమెకి మాటలు చాలలేదు. ఆయన చెయ్యి తీసి రాతి మీద పెట్టింది. కాపలా మనిషి ముట్టుకోకూడదంటూ వచ్చేసరికి సిగ్గుపడి వెనక్కి లాగేసింది.

ఆ బొమ్మ చెక్కిన అరుణశ్రీ అక్కడే ఉంది. శ్రీకాకుళం పిల్ల. సంగతి తెలుసుకుని తనే ఆయన చెయ్యందుకుంది.

"ముట్టుకోండి బాబాయిగారూ. రాయే కదా, ఏటవుతాది?"

ఆయన పాదాల దగ్గర మొదలుపెట్టాడు. మడమ, పిక్క, ఎగదోపిన చీర. కుచ్చిళ్ల దగ్గర వేళ్లు ఆగిపోయాయి. కొట్లో చీర అంచు పట్టి చూసినట్టే, బొటనవేలితో మడత వెంట మెల్లగా పోయాడు.

"తడిసిన చీర కదమ్మా ఇది? కాలికి అంటుకుపోయున్నాది."

అరుణశ్రీ మొహం వెలిగిపోయింది. తడిబట్ట రాతిలో రావడానికే తను ఎక్కువ కష్టపడ్డానంది. పార్వతీదేవి బొమ్మని వదిలేసి ఆయన చేతుల్ని ఫోటోలు తీయడం మొదలుపెట్టింది.

ఇక ఆయనే ముందు నడిచాడు. మిగతా శిల్పులూ కాదనలేదు. ఎద్దు మూపురం నిమిరి, పడుకున్న పిల్లాడి చెవులు తడిమి గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో అనుకుంది పార్వతీదేవి.

తర్వాత ఆయన ఫోను అడిగాడు. "నిన్నొకటి తీస్తాను. ఏదో ఒకటి మాట్లాడతా ఉండు, ఎటున్నావో తెలుస్తాది."

ఆమె ఎద్దు పక్కన నిలబడి, రాత్రికి వంకాయ వండాలా ఆనపకాయ వండాలా అని అడిగింది. ఆయన నొక్కాడు. ఫోటో నిండా మామిడికొమ్మలూ ఆకాశమూ. అడుగున నోరు తెరిచి మాట్లాడుతున్న పార్వతీదేవి మొహం సగం. దాన్నే ఫోను తెర మీద పెట్టుకుంది.

తిరుగు రైల్లో ఆయన ఒక్కో ఫోటో గురించీ అడిగి చెప్పించుకున్నాడు.

"నా చేతులు బాగా పడ్డాయేటే?"

"పడ్డాయండీ. గోళ్లే కత్తిరించాలి."

ఆయన తన వేళ్ల కొసలు తడుముకుని చూసుకున్నాడు.